పెరట్లో పూడ్చిన పైపులు ఎక్కడున్నాయి? ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో ఉత్తరం. ముందు రాసిన మూడింటికీ "మీ అర్జీ పరిశీలనలో ఉంది" అనే ఒకే జవాబు వచ్చింది. అందుకే ఈసారి అందరి ముందూ అడుగుతున్నాను.

మా ఇంటి భూతాప హీట్ పంప్, అంటే పెరట్లో పూడ్చిన పైపుల్లో ద్రవాన్ని తిప్పి నేలలోని వేడిని ఇంట్లోకి తెచ్చే యంత్రం, మీ సబ్సిడీతోనే పెట్టారు. పెట్టించినవారు ఇల్లు మాకు అమ్మి వెళ్లిపోయారు. పని చేసిన కంపెనీ మూతపడింది. మీ శాఖ ఫైలులో బిల్లు ఉంది, యంత్రం సీరియల్ నంబరు ఉంది. పెరట్లో పైపులు ఎటు పోయాయో చూపే పటం మాత్రం లేదు.

ఎక్కడో లీకు ఉంది. ప్రెజర్ గేజ్ ముల్లు పడిపోతున్నప్పుడల్లా నీళ్లు ఎక్కిస్తున్నాం. ఎక్కించిన కొద్దీ, గడ్డకట్టకుండా లోపల కలిపిన గ్లైకాల్ పలచబడుతుంది. చలి ముదిరితే యంత్రంలోనే నీళ్లు గడ్డకడతాయేమోనని రోజూ టెన్షన్.

వెతకలేదనుకోకండి. మెటల్ డిటెక్టర్ తెచ్చాం. పైపులు పాలిథిలిన్‌వి, అది కూయనే లేదు. రాడార్ అతను వచ్చి, తడి బంకమట్టిలో సిగ్నల్ లోపలికి దిగడం లేదని చేతులెత్తేశాడు. థర్మల్ కెమెరాలో మట్టంతా ఒకే రంగు. చివరికి దారి చూపించింది మంచు. పంప్ రాత్రంతా నడిచిన ఒక ఉదయం, మిగతా గడ్డి మీద మంచు కరిగిపోయినా రెండు చారలు మాత్రం తెల్లగా నిలిచిపోయాయి. పైపులు వేడిని లాగేసినచోట నేల ఎక్కువ చల్లబడుతుంది కదా. మా ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తి, ఎండ ఎక్కేలోగా ఆ చారల వెంట పుల్లలు గుచ్చింది. గునపం వేస్తే పైపు తెగుతుందని చిన్న తాపీతో గీక్కుంటూ రెండు రోజులు తవ్వాను. నడుము లోతులో నల్లటి పైపు ఒకటి దొరికింది. అది బాగానే ఉంది. లీకు ఇంకెక్కడో. మొత్తం ఎన్ని వరసలు వేశారో, అవన్నీ కలిసే మానిఫోల్డ్ ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ తెలియదు. చెట్టు నాటాలన్నా, కంచెకు గుంజ పాతాలన్నా చెయ్యి ఆడటం లేదు.

అయ్యా, పైపు వెంట ఒక రాగి తీగ వేసి ఉంటే చాలు. తీగకు సిగ్నల్ ఇచ్చి పైనుంచి లొకేటర్‌తో దాని దారంతా గుర్తుపట్టేవాళ్లం. పూడ్చే ముందు ఇంటి రెండు మూలల నుంచి టేపు పట్టి కొలతలు రాసి, నాలుగు ఫోటోలు తీసి ఉన్నా సరిపోయేది. అరపూట పని అది. హీట్ పంప్ ఇరవై ఏళ్లకు మారుస్తారేమో గానీ మట్టిలో పైపులు యాభై ఏళ్లు దాటి ఉంటాయి. అప్పటికి ఇల్లు ఎన్ని చేతులు మారుతుందో! గుర్తుపెట్టుకునే మనిషి ఎవరు?

కొలతల పటం ఇవ్వనిదే సబ్సిడీ ఆఖరి వాయిదా విడుదల చేయకండి. ఆ పటం ఇంటి దస్తావేజులతో పాటు కొత్త యజమానికి చేరాలి. రాగి తీగ తప్పనిసరి చేయండి. ఇప్పటికే పూడ్చేసిన మాలాంటివాళ్ల ఇళ్లకు పరికరాలున్న మనిషిని పంపండి. పటం, మంత్రి గారూ, పటం కావాలి మాకు.

ఈ ఉదయం ముల్లు మళ్లీ దిగింది. దయచేసి చలికాలం లోపు ఎవరినైనా పంపించండి.

ఇట్లు,
ఒక ఇంటి యజమాని