యాప్‌లలో తెగిపోతున్న వత్తులు

సంపాదకులు గారికి,

నమస్కారం. ప్రభుత్వ సేవలూ బ్యాంకు పనులూ ఒక్కొక్కటిగా ఫోన్‌లోకి చేరుతున్న ఈ రోజుల్లో సామాన్యుడికి యాప్ తెరే ఆఫీసు కౌంటరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించడం మొదలుపెట్టాక, ఆఫీసు మెట్లెక్కకుండానే పని పూర్తవుతుందన్న ఆశ పల్లెల్లోనూ పెరిగింది. అయితే ఏ యాప్ విడుదలైనా అందులో ఎన్ని సేవలు ఉన్నాయన్నదే వార్త అవుతోంది కానీ, ఆ తెరను తెలుగులో చదువుకుంటూ పని చక్కబెట్టుకోవాల్సిన మనిషికి అది ఎంత అనువుగా ఉందన్న ప్రశ్న ఎక్కడా వినిపించడం లేదు. హైదరాబాద్‌లో యాప్ తెరలు రూపొందించే పనిలో ఉన్నవాడిగా నేను గమనిస్తున్న ప్రధాన లోపం ఏమిటంటే, ఇంగ్లీషు కోసం గీసిన తెరలో చివరి వారంలో తెలుగు మాటలు నింపి, దానినే తెలుగు యాప్ అని చెప్పుకోవడం.

తెలుగు అక్షరానికి పైనా కిందా కూడా చోటు కావాలి. గుడి, ఏత్వం పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి, ‘రాష్ట్రం’ వంటి మాటలో ఒకే అక్షరానికి రెండు వత్తులు చేరతాయి. ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని వరుస ఎత్తునూ బటన్ ఎత్తునూ బిగించేస్తే, ‘రద్దు’ అన్న బటన్ మీద దావత్తు కనబడదు, ‘చెల్లింపు’ అన్నచోట లావత్తు సగమే మిగులుతుంది. బాగా చదువు వచ్చినవారు మిగతాది ఊహించుకుని ముందుకు వెళ్లిపోతారు. కూడబలుక్కుని చదివే పెద్దావిడకు ఆ వీలుండదు. డబ్బుతో ముడిపడిన బటన్ కాబట్టి నొక్కడానికి జంకి, పక్కింటి కుర్రవాడి చేతికి ఫోన్ ఇస్తుంది, దానితోపాటే పిన్ నంబరు కూడా చెప్పేస్తుంది. అలా జరిగినప్పుడు ఆమెకు జాగ్రత్త తెలియదని అంటాం గానీ, ఆ తెర గీసినవారి మాట ఎత్తం.

మీ పత్రికలో పేజీలు పెట్టేవారికి ఇది కొత్త సంగతి కాదు. పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగలకుండా మధ్య ఖాళీని సరిచూసుకోవడం తెలుగు అచ్చు పనిలో పాత జాగ్రత్తే. సాఫ్ట్‌వేర్ రంగం దానిని ఆలస్యంగా అందుకుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం వంటి లిపులకు చాలాకాలం పాటు నిలువునా కుదించిన ఫాంటే మామూలుగా వచ్చేది, పూర్తి ఎత్తు అక్షరాలు కావాలంటే డెవలపర్ విడిగా ఒక సెట్టింగు పెట్టాల్సి ఉండేది. ఆ సంగతి తెలిసి పెట్టినవారు కొద్దిమందే. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13, ఒక్కో భాషకు తగిన వరుస ఎత్తును తీసుకొచ్చింది. ఆ మార్పు వల్ల అక్షరాలు తెగిపోవని వివరిస్తూ గూగుల్ పేరుపెట్టి చెప్పిన లిపుల్లో తెలుగు ఒకటి. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 కోసం తయారయ్యే యాప్‌లలోనైతే పూర్తి ఎత్తు ఫాంటే మామూలు ఏర్పాటుగా మారింది. ఐఫోన్ల కథ వేరు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో సందేశంగా వస్తే చాలు, దానిని చూపించబోయిన యాప్ కుప్పకూలేది, ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌లో 11.2.6 వెర్షన్ విడుదలయ్యే దాకా ఆ బెడద తీరలేదు. అప్పట్లో దానిని అందరూ వింతగా చెప్పుకుని నవ్వుకున్నారు. మన లిపిని తగినంతగా పరీక్షించకుండానే ఫోన్లు జనం చేతికి వస్తున్నాయన్న సంగతి ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

ఏదేమైనా ఫోన్ వైపు నుంచి ఉన్న అడ్డంకి ఇప్పుడు చాలావరకు తొలగింది. ఫాంట్ల కొరత కూడా లేదు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి (శీర్షికల కోసం చేసిన రామభద్రను తీసుకెళ్లి చిన్న అక్షరాల నిబంధనల పేజీకి వాడితే వత్తులన్నీ ముద్దగా అతుక్కుపోతాయి, అది ఫాంటు తప్పు కాదు). పెట్టె ఎత్తును ఒక అంకెతో బిగించేసిన యాప్‌లో మాత్రం ఎంత మంచి ఫాంటు పెట్టినా వత్తు తెగుతూనే ఉంటుంది.

పని జరిగే తీరు చూస్తే కారణం అర్థమవుతుంది. తెరలన్నింటినీ ఇంగ్లీషులో గీసి, పైవాళ్ల ఆమోదం తీసుకుని, కోడ్ రాసేశాక, వాటిలోని మాటలను ఒక ఎక్సెల్ షీటులోకి దింపి అనువాదకుడికి పంపుతారు. వాటిలో ఏది బటన్ మీద వస్తుందో, ఏది శీర్షికో, ఏది పొరపాటు జరిగినప్పుడు కనిపించే హెచ్చరికో ఆయనకు తెలియదు, ఎందుకంటే ఆయనకు తెరను ఎవరూ చూపించరు. అందుకే ‘మీ బుకింగ్‌ను రద్దు చేయాలా?’ అని అడిగి, కింద ‘రద్దు’, ‘సరే’ అని రెండు బటన్లు పెట్టే యాప్‌లు తయారవుతున్నాయి. రెంటిలో ఏది నొక్కితే బుకింగ్ పోతుందో చెప్పమంటే నాకే తడబాటు కలుగుతుంది. ‘బుకింగ్ రద్దు చేయండి’, ‘బుకింగ్ ఉంచండి’ అని రాస్తే పైనున్న ప్రశ్న చదవకపోయినా పని జరుగుతుంది, కాకపోతే ఆ పొడవు మాటలు పట్టడానికి బటన్లను పక్కపక్కన కాకుండా ఒకదాని కింద ఒకటి పెట్టాలి. ఆ నిర్ణయం తెర గీసేటప్పుడే జరగాలి. ఎక్సెల్ షీటు చేతికొచ్చిన అనువాదకుడు ఆ పని చేయలేడు.

ముందే రాసిపెట్టుకునే వాక్యాల మూసల దగ్గరా ఇదే తంతు. పేరు ఉండాల్సినచోట ఖాళీ వదిలి, దాని వెనక ‘కు’ అని ఒకేలా అతికిస్తే, రాము విషయంలో సరిపోయినది లక్ష్మి దగ్గరకు వచ్చేసరికి ‘లక్ష్మి కు ₹500 పంపబడింది’ అవుతుంది. గడువు చివరి రోజున ‘1 రోజులు మిగిలి ఉన్నాయి’ అన్న సందేశం వస్తుంది. ఏకవచన బహువచనాలను వేరుగా రాసుకునే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లోనూ ఐఓఎస్‌లోనూ ఎప్పటినుంచో ఉన్నా, వాడుకునే ఓపిక ఉండటం లేదు. విభక్తి చిక్కును తప్పించుకోవడమైతే మరీ తేలిక. ‘గ్రహీత: లక్ష్మి’ అని ఒక వరుసలో, మొత్తం కింది వరుసలో చూపిస్తే ఏ పేరుతోనూ ఇబ్బంది ఉండదు. ఆ మొత్తాన్ని కూడా 100,000 అని కాకుండా 1,00,000 అని కామాలు పెట్టి, దాని కిందే ‘లక్ష రూపాయలు’ అని అక్షరాల్లో చూపిస్తే, ఒక సున్నా ఎక్కువ కొట్టిన మనిషి పిన్ నొక్కకముందే ఆగుతాడు.

చూపు తగ్గినవారు ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకుంటారు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 దానిని రెండింతల దాకా పెంచుకోనిస్తుంది. అలా పెంచి అనేక యాప్‌లను తెరిస్తే ‘ముందుకు’ అన్న బటన్ తెర కిందికి జారిపోతుంది, పేజీ పైకి జరగదు, అక్కడితో పని ఆగిపోతుంది. అసలు చూపే లేనివారు, తెర మీది మాటలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ద్వారా తెరను వింటారు. బొమ్మ మాత్రమే ఉండి పేరు రాయని బటన్ దగ్గర దానికి చెప్పడానికి ఏమీ ఉండదు. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వచ్చే హక్కేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న, ఈ-కేవైసీలో (ఆన్‌లైన్‌లో జరిపే గుర్తింపు తనిఖీలో) కళ్లు ఆర్పమని అడిగే పద్ధతి వల్ల నష్టపోయిన యాసిడ్ దాడి బాధితుల కేసులో స్పష్టం చేసింది. వినియోగదారుణ్ని ఏమార్చే 13 రకాల డిజైన్ పోకడలను కేంద్రం 2023 నవంబరు 30నాటి మార్గదర్శకాలతో నిషేధించింది. తెగిన వత్తులూ జారిపోయిన బటన్లూ ఆ పదమూడింటిలో లేవు. వీటిని యాప్‌లు తయారుచేయించేవారే అడిగి సరిచేయించుకోవాలి.

తెలుగు సెట్టింగు వాడేవారు తక్కువనీ, వారి కోసం అంత ఖర్చు దండగనీ కంపెనీ సమావేశాల్లో తరచూ వినిపించే వాదన. తెలుగులో తెరిచి, అర్థంకాక, తిరిగి ఇంగ్లీషుకు మార్చుకున్నవారిని కూడా ఆ లెక్కలో ఇంగ్లీషు ఇష్టపడేవారిగానే రాసుకుంటున్నారు. పైగా ఇందులో ఖర్చయ్యేది డబ్బుకన్నా ముందుచూపు. తెలుగు రాయగలిగిన మనిషిని మొదటి రోజునుంచే డిజైనర్ పక్కన కూర్చోబెడితే, చివరి వారంలో తెరలు మళ్లీ గీయాల్సిన పని చాలావరకు తప్పుతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలకు నా విన్నపం ఇది. యాప్‌ల తయారీకి పిలిచే టెండర్లలో, యాప్‌ను అంగీకరించే ముందు జరిపే పరీక్షలను తెలుగు తెరల మీద, అక్షరాలను అన్నిటికన్నా పెద్ద సైజులో పెట్టి, టాక్‌బ్యాక్‌తోనూ, తక్కువ ధర ఫోన్‌లోనూ చేయాలన్న షరతు చేర్చాలి. వత్తు తెగినా, బటన్ అందకపోయినా దానిని అలంకారపు లోపమని వదిలేయకుండా, పని చేయని యాప్ కిందే లెక్కగట్టి బిల్లు ఆపాలి. అలాగే కొత్త యాప్ విడుదల వార్త రాసేటప్పుడు మీ విలేకరులు దానిని తెలుగులోకి మార్చి, అక్షరాలు పెంచి, ఒక దరఖాస్తును చివరిదాకా నింపి చూసి, ఎక్కడ ఆగిపోయిందో రెండు వాక్యాల్లో రాయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక యాప్ డిజైనర్,
హైదరాబాద్