మన జిల్లాలో ఏముందమ్మా అన్నావు కదా

శ్రీకాకుళం

చిరంజీవి చిన్నికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది, వద్దంటున్నా వినకుండా మళ్లీ స్కూటర్ తీస్తున్నారు.

సంక్రాంతి వెళ్లాక నీ ఫ్రెండ్‌ని తీసుకొస్తానన్నావు, చాలా సంతోషం. ఆ తర్వాత అన్న మాటే నాకు నచ్చలేదు. "ఒక్క పూట ఇంట్లో ఉండి వైజాగ్, అరకు వెళ్లిపోతాం, మన జిల్లాలో చూపించడానికి ఏముందమ్మా" అన్నావు. నేనేదో చెప్పబోతే మీటింగ్ ఉందని ఫోన్ పెట్టేశావు. ఉత్తరానికి మీటింగ్ అడ్డం రాదు కదా, తీరిగ్గా చదువు.

అరకు బాగుండదని నేననను. కానీ ఆ పిల్లది పూరీ. పుట్టిన దగ్గర్నుంచి సముద్రం చూస్తూ పెరిగిన పిల్లని వైజాగ్ బీచ్‌లో నిలబెడితే మర్యాదకి బాగుంది అంటుంది, అంతే. మన దగ్గర ఆమెకి చూపించాల్సింది వాళ్ల ఊరికీ మన ఊరికీ ఉన్న చుట్టరికం. 12వ శతాబ్దంలో పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడు ఎక్కడివాడనుకున్నావు? ఆయన రాజధానిని కటకానికి, అంటే ఇప్పటి కటక్‌కి, మార్చక ముందు తూర్పు గాంగులు ఏలింది వంశధార ఒడ్డునున్న కళింగనగరం నుంచి. అదే ఇప్పటి మన శ్రీముఖలింగం. కోణార్క కట్టించిన నరసింహదేవుడూ ఆ వంశం వాడే. ఆ పిల్ల వస్తున్నది పరాయి చోటుకి కాదు, వాళ్ల రాజుగారి పాత ఇంటికి.

అందుకని మొదటి రోజు వంశధారకి ఇచ్చేయండి. పొద్దున్నే ఇడ్లీ తినేసి ముఖలింగం వెళ్లండి. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర అని మూడు గుళ్లు. శిఖరం చూడగానే ఆమే గుర్తుపడుతుంది, నువ్వు చెప్పక్కర్లేదు. మధుకేశ్వరుడి గుమ్మం దగ్గర మాత్రం కాసేపు ఆగండి. రాతి మీద లత ఒకటి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది, దాన్ని కింది నుంచి కంటితోనే పట్టుకుని పైదాకా వెళ్లమని చెప్పు. ఫోన్‌లో ఫొటో తీసి ముందుకెళ్లిపోయేవాళ్లకి ఆ పని దొరకదు.

అక్కడికి దగ్గర్లోనే పర్వతాలపేట. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న పుట్టింది ఆ ఊళ్లోనే. నువ్వు స్కూల్లో తెలుగు భాషా దినోత్సవానికి ఆయన గురించి మాట్లాడి ప్రైజు తెచ్చుకున్నావు గానీ, ముఖలింగం శాసనాలు చదవడం ఆయన సొంతంగా నేర్చుకున్నారని అప్పుడు ఎవరూ చెప్పలేదనుకుంటాను. సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు చేశారు. పర్లాకిమిడిలో ఉండేవారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లిపోయేసరికి అక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. ఈ చివరి ముక్క మీ ఫ్రెండ్‌కి భోజనం అయ్యాక చెప్పు, ముందు చెప్పకు.

అక్కడి నుంచి నరసన్నపేట మీదుగా వచ్చి మడపాం వంతెన దాటి శాలిహుండం వెళ్లండి. ఆ కొండ మీది బౌద్ధ స్తూపాలను 1919లో వెలుగులోకి తెచ్చిందీ గిడుగువారే. మెట్లెక్కాలి, మంచినీళ్ల సీసా మర్చిపోవద్దు. చక్రాల్లా పేర్చిన ఇటుక పునాదులు తప్ప పైన పెద్దగా ఏమీ మిగల్లేదు. శిథిలాలంటే ఇష్టం లేనివాళ్లకి విసుగు పుడుతుంది, అది ముందే అడిగి తెలుసుకో. కానీ అంచున నిలబడితే కింద వంశధార వంపు తిరిగి సముద్రం వైపు పోవడం కనిపిస్తుంది. పొద్దున చూసిన ఏరు అదే. తారాదేవి, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు కూడా ఆ కొండ మీదే దొరికాయి. మ్యూజియం తెరిచే ఉంటుందో లేదో మీ నాన్న ముందురోజు కనుక్కుంటారు.

సాయంత్రానికి కళింగపట్నం. ఏరు సముద్రంలో కలిసే చోటు అదే, ఒకప్పుడు రేవు. లైట్‌హౌస్ చూడండి, ఇసుకలో కూర్చోండి, నీళ్లలోకి మాత్రం దిగొద్దు. ఏటి మొగ దగ్గర లోపల లాగుడు ఎలా ఉంటుందో పైకి తెలీదు. పూరీ పిల్లకి ఈత వస్తుందనీ, సముద్రం కొత్త కాదనీ నాకు చెప్పకు.

రెండో రోజు సగం పూటే బయట. అరసవిల్లి ఊళ్లో ఉన్నట్టే, అక్కడి నుంచి శ్రీకూర్మం. అరసవిల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులే. జనవరిలో ఆ ఆశ పెట్టి తీసుకెళ్లకు. అన్నట్టు, క్యాలెండర్ చూసి రథసప్తమికి రెండు మూడు రోజులు అటో ఇటో ప్లాన్ చేసుకో. ఆ సమయంలో ఊళ్లో కారు కదలదు, క్యూ రాత్రి నుంచే మొదలవుతుంది.

శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే తూర్పున ఒకటి, పడమర ఒకటి రెండు ధ్వజస్తంభాలు. పూరీ నుంచి దక్షిణ యాత్రకి బయల్దేరిన చైతన్య మహాప్రభువు ఇక్కడికి వచ్చారు, వాళ్లింట్లో పెద్దవాళ్లకి ఆ సంగతి తెలిసే ఉంటుంది. గుళ్లో నక్షత్ర తాబేళ్లని పెంచుతారు. నీ చిన్నప్పుడు వాటి దగ్గర నుంచి నిన్ను కదిలించడం మా వల్ల అయ్యేది కాదు. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయండి. ఆవ పెట్టి అరటికాయ కూర చేస్తాను, వాళ్లకీ ఆవ అలవాటే. తిన్నాక ఆ పిల్లని కాసేపు పడుకోనివ్వు. వచ్చినవాళ్లని పొద్దస్తమానం తిప్పడం గొప్ప మర్యాద అనుకుంటారు మనవాళ్లు. కాళ్లు పీకుతున్నా చుట్టం నోరు విప్పి చెప్పదు, మనమే చూసుకోవాలి.

మూడో రోజు పొందూరు. నన్నడిగితే అన్నిటికన్నా ఇదే ముఖ్యం. గుడి ఎప్పుడు వెళ్లినా ఉంటుంది, ఈ పని ఇంకెన్నాళ్లు ఉంటుందో చెప్పలేం. ఖద్దరు షాపు చూసి వచ్చేయడం కాదు, నూలు వడికే ఆడవాళ్ల దగ్గర కూర్చోవాలి. గింజ తీయని పత్తిని కొంచెం చేతిలోకి తీసుకుని, వాలుగ చేప దవడతో దువ్వుతారు. నిజంగానే చేప దవడ. సన్నటి పళ్లు వరసగా ఉంటాయి, దువ్విన కొద్దీ చెత్త రాలిపోయి పోగులన్నీ ఒకే వైపుకి వాలతాయి. ఆ తర్వాతే గింజ తీయడం, ఏకడం. ఏకిన దూదిని వత్తుల్లా చుట్టిన ఏకులు మాసిపోకుండా ఎండిన అరటి డొప్పలో చుట్టి పెట్టుకుని, అందులోంచి ఒక్కొక్కటీ తీసి రాట్నం మీద వడుకుతారు. బాగా సన్నటి నూరో నంబరు నూలు దాకా చేతి మీదే తీస్తారు. ఆ దారాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తప్ప కనిపించదు.

ఫొటో తీసే ముందు అడగండి. ఒకళ్లని పని ఆపించి, నవ్వించి, రీల్ తీసి వచ్చేయడం నాకు నచ్చదు. వాళ్లకి నూలు లెక్కనే డబ్బులు, మనం ఆపిన ప్రతి నిమిషం వాళ్ల చేతిలోంచి పోతుంది. ఏదైనా కొనండి, చిన్న తువ్వాలు అయినా సరే. ఖరీదు ఎక్కువనిపిస్తుంది, అక్కడ బేరం మాత్రం ఆడొద్దు. వాళ్ల నాన్నగారికి పంచె కొనాలనుకుంటే చెప్పు, నేనూ వస్తాను.

చివరి రోజుకి మీ నాన్న ఒక ఉపాయం చెప్పారు. ఆ పిల్ల ఎలాగూ ఇక్కడి నుంచి పూరీ వెళ్తానంది కదా, టికెట్ శ్రీకాకుళం రోడ్ నుంచి కాకుండా పలాస నుంచి తీయండి. లగేజీ కారులో వేసుకుని పొద్దున్నే టెక్కలి వైపు వెళ్తే దారిలో తేలినీలాపురం చూడొచ్చు. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు సెప్టెంబరులో వచ్చి ఎండాకాలం మొదలయ్యే దాకా ఉంటాయి, జనవరికి గూళ్లలో పిల్లలుంటాయి. ఊరి మధ్య చింతచెట్ల మీదే గూళ్లు. కొమ్మలు, ఆకులు రెట్టలతో సున్నం కొట్టినట్టు ఉంటాయి, వాసన కూడా గట్టిగానే వస్తుంది. తల్లి పెలికాన్ నౌపడ చిత్తడి నేలల నుంచి చేప తెచ్చి నోరు తెరిస్తే, పిల్ల తలంతా ఆ సంచిలోకి దూర్చేసి తింటుంది. బైనాక్యులర్ మీ నాన్న బీరువాలో ఉంది, తీసిపెడతాను. ఇవి సైబీరియా నుంచి వస్తాయని అక్కడ అందరూ చెప్తారు. ఈ పెలికాన్ మన దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షే, సైబీరియా ఊసే లేదు దానికి. అయినా చెప్పేవాళ్లతో వాదనకి దిగకు. ఆ పక్షులు రాకపోతే వానలు పడవని నమ్మి, ఒక్క రాయి విసరకుండా కాపాడుకుంటున్నది వాళ్లే.

పలాసలో జీడిపప్పు కొని రైలెక్కించి నువ్వు ఇంటికొచ్చెయ్. ఆ దారిలోదే ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం అయ్యాయి. మళ్లీ నాటినవి ఇప్పుడు ఎంత ఎదిగాయో నాకూ చూడాలనుంది. కారులో చోటుంటే ఆ రోజు నేనూ వస్తాను.

అరకు వెళ్తే వెళ్లండి, ఇవన్నీ అయ్యాక రోజులు మిగిలితే. కారు తోలే అబ్బాయికి ముందే చెప్పాలి, పండగ తర్వాత పెళ్లిళ్లతో దొరకడు. కాబట్టి తేదీలు ఈ వారంలోనే ఖాయం చెయ్యి. ఆ పిల్ల చేపలు తింటుందా, సోమవారాలు ఏమైనా నియమం ఉందా అడిగి చెప్పు. కొర్రమీను కావాలంటే చేపలమ్మికి ఒక రోజు ముందే చెప్పాలి, అప్పటికప్పుడు అడిగితే తేదు.

ఉంటాను,
మీ అమ్మ

తా.క. మీ నాన్న ఒరియాలో నాలుగు ముక్కలు ప్రాక్టీస్ చేస్తున్నారు. ఆ పిల్ల నవ్వకుండా చూసుకో.