బావ తెచ్చిన ఎర్ర సైకిల్

తిరుపతి,
ఆదివారం

ఒరేయ్ భాస్కరా,

ఫోన్లో చెప్పొచ్చు గానీ, నేను నాలుగు మాటలనేలోగా నువ్వు పది మాటలు అడ్డం వేస్తావు. అందుకే ఈ ఉత్తరం. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. నీమీద ఒక పాత ఫిర్యాదు ఉంది, చివర్లో వస్తుంది.

మా నెదర్లాండ్స్ బావ ఉద్యోగం చాలించుకుని వచ్చేశాడు. సామానంతా దించాక ఒక పెద్ద అట్టపెట్టె నా ముందు పెట్టి, "ఇది నీకే బామ్మర్దీ, నా మోకాళ్ళు ఇంక ఒప్పుకోవడం లేదు" అన్నాడు. విప్పితే పాత రేసు సైకిల్. ఎరుపు, నలుపు, పసుపు రంగులు. పది కిలోలు ఉంటుందేమో, రెండు వేళ్ళతో లేచింది. మీ నాన్నగారి హెర్క్యులస్ గుర్తుందా? దాన్ని మీ ఇంటి మెట్లెక్కించడానికి మనిద్దరం పట్టేవాళ్ళం, పైగా మీ అమ్మ వెనక నుంచి తోసేది. మా ఆవిడ దీని చుట్టూ ఒకసారి తిరిగి, "స్టాండు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు కూడా లేదు. ఇంకేముందని మురిసిపోతున్నారు?" అంది.

ఏముందో నీకు చెప్తాను. ఫ్రేము మీద 'టి.ఐ.-రాలీ' అని రాసుంది. ఆ టి.ఐ. మనకి కొత్తదేం కాదు. ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే బ్రిటిష్ కంపెనీ. 1949లో మద్రాసు మురుగప్ప గ్రూపు వాళ్ళు ఊరి పక్కన అంబత్తూరులో సైకిళ్ళ ఫ్యాక్టరీ పెట్టింది వీళ్ళతో కలిసే. మన హెర్క్యులస్ వచ్చింది అక్కణ్ణుంచే. 1960లో ఇంగ్లండులో రాలీ సైకిళ్ళ కంపెనీ కూడా వాళ్ళ చేతికే వచ్చింది. తర్వాత 1970ల నుంచి టి.ఐ.-రాలీ పేరుతోనే ప్రొఫెషనల్ రేసు టీము నడిపారు, ఎక్కువమంది డచ్చి వాళ్ళు. అంటే టూర్ ద ఫ్రాన్స్ అనే ఫ్రాన్స్ దేశపు పెద్ద సైకిల్ రేసులో తొక్కిన ఈ సైకిలూ, మీ నాన్నగారు పాల క్యాన్లు కట్టుకెళ్ళిన సైకిలూ ఒకే ఇంటిపేరు వాళ్ళు. దాయాదులన్నమాట. మీ ఇంట్లో అందరిలాగే ఒకడు విమానమెక్కాడు, ఒకడు పాలు పోశాడు.

నిజంగా టీము వాళ్ళు తొక్కిందేనా అని నాకూ అనుమానం వచ్చింది. పాత వస్తువు అమ్మేవాడు ఏ కథైనా చెప్తాడు కదా. కానీ బావ దీన్ని కొన్నది ఆ టీములో తొక్కిన రైడరు దగ్గరే. ముసలాయన, బావ వాళ్ళ వీధి చివరే ఇల్లు. పేరు చెప్పినా నీకు తెలియదు. గెలిచినవాడు కాదు, గెలిచేవాడికి నీళ్ళ సీసాలు మోసినవాడు. ఫ్రెంచిలో వాళ్ళని 'డొమెస్టిక్' అంటారు, పనివాడు అని. వెనక వచ్చే టీము కారు దగ్గరికి జారిపోయి, సీసాలు జేబుల్లోనూ చొక్కాలోనూ కుక్కుకుని, మళ్ళీ గుంపుని అందుకుని అందరికీ పంచాలి. లీడరు చక్రం పంచరైతే తన చక్రం ఊడదీసి ఇచ్చేసి రోడ్డు పక్కన నిలబడాలి.

ఇంకో గుర్తు కూడా ఉంది. సీటు దగ్గర, పైబారు కింద, గోరంత ఇనుప ముక్క అతికించి ఉంటుంది. రేసులో నంబరు పలక బిగించుకోవడానికి. మామూలు మనిషికి దాంతో ఏం పని? ఎడమవైపు బ్రేకు పిడి అంచు రోడ్డుకి రాసుకుని అరిగిపోయి ఉంది. ఎక్కడో గట్టిగానే పడ్డాడు. గేర్లు మార్చే పిడులు హ్యాండిల్ మీద ఉండవు, కింద ఏటవాలు బారు మీద ఉంటాయి, టిక్కుటిక్కుమనవు. చెయ్యి కిందికి చాచి, చైను చప్పుడు విని సర్దుకోవాలి. నాకింకా పట్టుబడలేదు. మూడోదనుకుని ఐదోదాంట్లో పడేస్తున్నాను.

ఆ టీముకి 1980లో టూర్ గెలిచిపెట్టింది యోప్ జూటెమెల్క్. పాపం, అప్పటికే ఐదుసార్లు రెండో స్థానంలో ఆగిపోయాడు. మొదట్లో అప్పటి ఛాంపియన్ ఎడ్డీ మెర్క్స్ వెనకాలే అతుక్కుని తొక్కేవాడని పేరు. టూరంతా మెర్క్స్ నీడలోనే ఉంటాడు, అందుకే ఎండకి నల్లబడడు అని జోకు వేసేవాళ్ళట. 1980లో, అంతకుముందు రెండేళ్ళూ గెలిచిన బెర్నార్ ఇనో మోకాలు నొప్పితో మధ్యలో తప్పుకున్నాడు, ఈయన గెలిచాడు. 33 ఏళ్ళ వయసులో! అదృష్టమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. అన్నేళ్ళు రెండోవాడిగా నిలబడటం ఏమన్నా తేలికా?

సరే, అసలు తమాషా విను. మొన్న పొద్దున్నే చంద్రగిరి దాకా వెళ్ళొద్దామని బయల్దేరాను. కోట ఇంకో రెండు కిలోమీటర్లుందనగా పల్లేరుకాయ గుచ్చుకుంది. ఈ చక్రాల్లో కారు టైరుకి మూడింతల గాలి ఉంటుంది. బుస్సుమని క్షణంలో అయిపోయింది. నడిపించుకుంటూ పంచరు షాపుకి వెళ్ళాను. ఆయన స్క్రూడ్రైవరు అంచులో దూర్చబోయి ఆగిపోయాడు. చక్రమంతా తిప్పి చూసి, "ఇది యాడ తెచ్చినావు సామీ? దీనికి టైరు ఊడే దారే లేదు గదా" అన్నాడు.

నిజమే, లేదు. ఈ టైరు రిమ్ములో ఇరుక్కుని కూర్చోదు, గమ్ముతో అతికిస్తారు. లోపలి ట్యూబు చుట్టూ టైరుని గొట్టంలా కుట్టేసి ఉంటుంది. పంచరు వేయాలంటే పైపట్టీ ఊడదీసి, ఆ చోట కుట్లు విప్పి, ట్యూబు బయటికి లాగి, అతుకేసి, మళ్ళీ కుట్టాలి. కుట్టడం ఆయన పని కాదు. ఎదురుగా చెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన ఉంటే పిలిచాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, నాలుగు అంగుళాలు మేర కుట్లు ఒక్కొక్కటే ఆరెతో పైకి లేపి కోశాడు. చేపపొట్ట చీల్చి పేగు తీసినట్టు పల్చటి ట్యూబు బయటికి వచ్చింది. పంచరాయన అతుకు వేశాడు. ఈయన మైనం రాసిన దారంతో పాత రంధ్రాల్లోంచే, ఒక్క కొత్త రంధ్రం పొడవకుండా కుట్టేశాడు. "సైకిలు టైరా, ఫుట్‌బాలా ఇది?" అని నవ్వి, అరవై రూపాయలు తీసుకున్నాడు. గమ్ము మాత్రం ఎవరి దగ్గరా లేదు. టైరుని రిమ్ము మీద ఊరికే ఎక్కించి, మలుపులో జారుతుందేమోనని టెన్షన్ పడుతూ, పెద్ద బస్సు వచ్చినప్పుడల్లా దిగి నిలబడుతూ ఇంటికి చేరాను.

ఆ రోడ్డు మీదే గుర్తొచ్చింది నా ఫిర్యాదు. డిగ్రీ చివరి ఏడాది, కాలేజీ నుంచి చంద్రగిరికి వెళ్ళి రావాల్సిన పోటీ. తిరుగుదారిలో ఎదురుగాలి. "నువ్వు ముందుండరా, నాకు ఆయాసంగా ఉంది" అన్నావు. నేను తల వంచుకుని తొక్కాను. వెనక ఉన్నవాడికి మూడో వంతు దాకా కష్టం తగ్గుతుందని ఇప్పుడు బావ చెప్తే తెలిసింది. నీకప్పుడే తెలుసు కదూ? కాలేజీ గేటు కనపడగానే పక్క నుంచి దూసుకుపోయావు. నాకు ఏడో స్థానం. నీ కప్పు ఇంకా మీ షోకేసులోనే ఉందని చెల్లెమ్మ పోయినసారి గొప్పగా చూపించింది. నేను నోరెత్తలేదు.

సంక్రాంతికి రా. బావ దగ్గర ఇంకో సైకిల్ కూడా ఉంది, అది నీకిప్పిస్తాను. భాకరాపేట ఘాటు నా వల్ల కాదు, దీనికి ముందు పెద్ద పళ్ళచక్రాలే ఉన్నాయి, మోకాళ్ళు పోతాయి. చంద్రగిరి దాకా చాలు. వెళ్ళేటప్పుడు ఎవరు ముందున్నా సరే, తిరిగొచ్చేటప్పుడు మాత్రం గాలికి నువ్వే ముందుండాలి.

అన్నట్టు, ఈ కుట్టిన టైర్లని ట్యూబులర్ టైర్లంటారు, వాటిని అతికించే గమ్ము బెంగళూరులో పెద్ద సైకిల్ షాపుల్లో దొరుకుతుందంటున్నారు. రెండు డబ్బాలు పట్టుకురా. డబ్బులు అడక్కు, కప్పు ఖాతాలో రాసుకో.

నీ
రాము