గడప దాటని బిల్లు

సంపాదకులు గారికి,

నమస్కారం. టెక్సాస్‌లోని ఆలెన్ ఊరి నుంచి రాస్తున్నాను. మాది మదనపల్లె దగ్గర పల్లె. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పొద్దున కాఫీ తాగుతూ ఫోన్లో మీ పేపర్ చదవడం ఇప్పటికీ మానలేదు. అమెరికాలో తుపాకుల మీద ఈ మధ్య మీరు వేసిన వ్యాసం చదివాను. ఇక్కడి జనానికి తుపాకులంటే మోజని, ఎంతమంది పోయినా ఎవరికీ పట్టదని అనిపించేలా ఉంది. పట్టనివాళ్లు ఉన్నారు, కాదనను. పట్టినవాళ్లను మాత్రం నేను దగ్గరగా చూశాను. వాళ్లతో పాటు ఒక బిల్లు వెంట తిరిగాను. ఆ సంగతి మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

నేనేమీ ఉద్యమకారిణిని కాదు. ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌లో లెక్కలు రాస్తాను. 2021లో ఒకరోజు కూరగాయలకని ఇండియన్ స్టోర్‌కి వెళ్తే తలుపు మీద కొత్త నోటీసు కనిపించింది. లోపలికి తుపాకి తేవద్దని ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రాసి ఉంది. పెరుగు డబ్బాలు కొనే చోట ఇదేంటని అడిగితే, సెప్టెంబర్ 1 నుంచి చట్టం మారిందని కౌంటర్ దగ్గర అబ్బాయి చెప్పాడు. అర్హత ఉన్నవాళ్లు 21 ఏళ్లు దాటితే లైసెన్స్ లేకుండానే చేతి తుపాకి పెట్టుకుని తిరగొచ్చట. ఆ బిల్లు పేరు హెచ్‌బీ (హౌస్ బిల్లు) 1927. సెనేట్‌లో 18-13 ఓట్లతో నెగ్గింది. నెలల తరబడి చర్చ జరిగితే నాకు మాత్రం కిరాణా కొట్టు తలుపు దగ్గర తెలిసింది. అప్పటికే నేను ఇక్కడ ఓటర్ని. సిగ్గేసింది.

మరుసటి ఏడు మే 24న యువాల్డీ ఊళ్లో ఒక ప్రాథమిక పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. చంపినవాడికి 18 ఏళ్లు. పద్దెనిమిదో పుట్టినరోజు అయిన కొద్ది రోజులకే దర్జాగా షాపులో రైఫిళ్లు కొన్నాడు. ఇక్కడ లైసెన్సున్న షాపులో చేతి తుపాకి కొనాలంటే 21 నిండాలి, రైఫిల్‌కి 18 చాలు. 2023లో ఆ ప్రాంతపు ప్రతినిధి ట్రేసీ కింగ్ తెచ్చిన హెచ్‌బీ 2744 బిల్లు అడిగింది ఒక్కటే. విడిగా మ్యాగజైన్ (తూటాల పెట్టె) తగిలించుకునే కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కొనడానికి కూడా 21 నిండాలని.

ఇక్కడి చట్టసభ తీరు మనవాళ్లకు వింతగా ఉంటుంది. రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో, జనవరిలో మొదలై 140 రోజులే కూర్చుంటుంది. వేల బిల్లులు వస్తాయి. ప్రతి దశకూ గడువు ఉంటుంది. గడువు దాటితే బిల్లు పోయినట్టే, మళ్లీ రెండేళ్ల తర్వాతే. చట్టసభ వెబ్‌సైట్‌లో బిల్లు నంబర్ కొట్టి పెట్టుకుంటే అది కదిలినప్పుడల్లా మనకు మెయిల్ వస్తుంది. మా పక్కింటావిడ స్కూల్ లైబ్రేరియన్. నా ఫోన్లో ఆ ఏర్పాటు చేసి పెట్టింది ఆవిడే. ఫిబ్రవరి, మార్చి గడిచిపోయాయి, ఒక్క మెయిల్ లేదు. ఏప్రిల్‌లో వచ్చింది, 18న కమిటీ హియరింగ్ అని. అంటే బిల్లు మీద జనం చెప్పేది కమిటీ వినే రోజు.

ఇద్దరం సెలవు పెట్టాం. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరితే వేకో దగ్గర తెల్లవారింది. పులిహోర, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకున్నాం. ఆస్టిన్‌లో ఆ ఎర్రరాతి భవనం గుమ్మం దగ్గర రెండు వరసలున్నాయి. మా వరసలో బ్యాగులు స్కానర్‌లో పెట్టాలి, మెటల్ డిటెక్టర్ కింద నుంచి నడవాలి. నా టిఫిన్ డబ్బా తెరిపించి చూశారు. పక్క వరస తుపాకి లైసెన్స్ ఉన్నవాళ్లది. కార్డు చూపించి, నడుముకి తుపాకితోనే లోపలికి వెళ్లొచ్చు. ఇక్కడ అది రూలు. నాకు కాసేపు కాళ్లు ఆడలేదు.

లోపల ఒక టాబ్లెట్ ఉంటుంది. అందులో మన పేరు, ఊరు, చేసే పని, ఏ బిల్లు, అనుకూలమా వ్యతిరేకమా, మాట్లాడతారా లేదా అన్నవి నింపాలి. మాట్లాడకపోయినా మన పేరు రికార్డులో ఉంటుంది. నేను అనుకూలం అని నొక్కాను, మాట్లాడే ధైర్యం లేకపోయింది. ఒక్క మాట, ఇక్కడి మన పిల్లల కోసం చెబుతున్నాను. ఆ టాబ్లెట్ నన్ను పౌరసత్వం అడగలేదు. వీసా మీద ఉన్నాం, ఓటు లేదు, మనకెందుకు అనేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

యువాల్డీ తల్లిదండ్రులు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. పిల్లల ఫొటోలు అచ్చేసిన టీషర్టులు వేసుకున్నారు. మా ముందు వరసలో ఒకావిడ ఒళ్లో ఫొటో ఫ్రేము ఉంది. గంటకోసారి టీషర్టు అంచుతో అద్దం తుడుచుకునేది. మధ్యలో సభ నడుస్తోందని కమిటీ ఆగింది. మళ్లీ మొదలైతే ఇంకా చాలా బిల్లులు వరసలో ఉన్నాయి. మధ్యాహ్నం పోయింది, సాయంత్రమూ పోయింది. వాళ్ల పేరు పిలవలేదు, వాళ్లూ లేవలేదు.

నా పక్క కుర్చీలో డెబ్బై దాటిన పెద్దాయన, ఒళ్లో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. బిల్లుకి వ్యతిరేకంగా పేరు ఇచ్చాడు. నా ఫోన్ చార్జింగ్ అయిపోతుంటే తన చార్జర్ ఇచ్చాడు. పశువుల రాంచ్ ఉందట, అడవి పందులు పొలం దున్నేస్తాయట, పంతొమ్మిదేళ్ల మనవడే కాపలా కాస్తాడట. ఆర్మీలో చేర్చుకునే వయసు వాడికి రైఫిల్ అమ్మబోమంటే ఎలా అన్నాడు.

ఆయన చెప్పింది నాకు కొత్త కాదు. మా నాన్నకు లైసెన్స్ తుపాకి ఉండేది. మాదీ వేరుశనగ చేనే, మాకూ అడవి పందులే. కానీ దరఖాస్తు, పోలీసు ఎంక్వయిరీ, కలెక్టరాఫీసు చుట్టూ తిరగడం, ఇవన్నీ అయ్యాకే అది ఇంటికొచ్చింది. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ గోనెపట్టాలో చుట్టి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రసీదు మా అమ్మ బియ్యం డబ్బాలో దాచేది. మన ఆయుధాల చట్టం ప్రకారం 21 నిండకుండా లైసెన్స్ రాదు. అయినా మా నాన్న ఎన్నడూ తన హక్కు పోయిందని అనుకోలేదు. ఇదంతా పెద్దాయనకు చెప్పాను. పందుల్ని కొట్టే షాట్‌గన్ జోలికి ఈ బిల్లు రాదనీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు, ఒప్పుకోలేదు. వెళ్లేటప్పుడు చేయి కలిపి వెళ్లాడు.

మర్నాడు స్కూలుంది కాబట్టి రాత్రి మేము బయల్దేరక తప్పలేదు. హియరింగ్ లైవ్ వస్తుంది కదా, కార్లో ఫోన్ పెట్టుకుని విన్నాం. దారిలో ఉండగానే ఆ తల్లిదండ్రులను పిలిచారు. అంతసేపు కాచుకున్నవాళ్లకు మాట్లాడే టైము రెండు మూడు నిమిషాలు. ఆ గొంతులు వింటూ మా పక్కింటావిడ ఇక నడపలేనని పెట్రోల్ బంకులో కారు ఆపేసింది. మిగిలిన పులిహోర ఒళ్లో ఉంది, ఇద్దరికీ ముద్ద దిగలేదు.

తర్వాత మళ్లీ నిశ్శబ్దం. బిల్లు కమిటీలోనే ఉంది. ఓటింగ్ పెట్టలేదు.

మే 6, శనివారం. మా ఊరి ఔట్‌లెట్ మాల్ సంగతి మీ పేపర్లోనూ వచ్చింది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మేమంతా తీసుకెళ్లే చోటు అది. మా అమ్మకు మెత్తటి చెప్పులు కొన్నదీ అక్కడే. ఆ మధ్యాహ్నం అక్కడ కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. అందులో మన తెలుగమ్మాయి ఒకరు. పేరు రాయను. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా వాట్సాప్‌లో ఎవరెవరు ఇళ్లకు చేరారో లెక్క చూసుకుంటూ కూర్చున్నాం. మా అమ్మాయి ఫోన్ ఎత్తడం ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఆ ఇరవై నిమిషాల టెన్షన్ ఎలా రాయాలో నాకు తెలియదు.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఆలెన్‌లో చంపినవాడికి 33 ఏళ్లు. హెచ్‌బీ 2744 చట్టమై ఉన్నా వాణ్ని ఆపేది కాదు. కానీ రెండు రోజుల తర్వాత ఆస్టిన్‌లో కదలిక వచ్చింది. మే 8 సోమవారం, కమిటీలు బిల్లులు పంపడానికి ఆఖరి రోజు. యువాల్డీ కుటుంబాలు మళ్లీ వచ్చి, వయసు పెంచండని హాల్లో గొంతెత్తి అరిచాయి. ఎవరూ అనుకోని విధంగా కమిటీ ఓటింగ్ పెట్టింది. 8-5తో బిల్లు నెగ్గింది. ఇద్దరు రిపబ్లికన్లు, శామ్ హార్లెస్, జస్టిన్ హాలండ్, అనుకూలంగా ఓటేశారు. క్లినిక్ వెనక గదిలో ఫోన్లో చూస్తూ నేను ఏడ్చేశాను. ఆస్టిన్‌లో ఆ తల్లులూ ఏడ్చారు.

ఇక్కడే మీ పాఠకులు గమనించాల్సింది ఉంది. కమిటీ దాటిన బిల్లు నేరుగా సభకు పోదు. ఏ రోజు ఏ బిల్లు చర్చకు రావాలో జాబితా వేసే క్యాలెండర్స్ కమిటీ అని ఇంకోటి ఉంటుంది. మే 9 రాత్రి పది గంటల్లోగా ఆ కమిటీ జాబితాలో పెట్టాలి. పెట్టకపోతే అంతే. ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతూ, తడి చేతులు తుడుచుకుని తుడుచుకుని పేజీ రిఫ్రెష్ చేశాను. పది దాటింది. జాబితాలో 2744 లేదు.

సభలో 150 మంది ఉన్నారు. ఎవరూ లేచి ఈ బిల్లు వద్దని చెప్పాల్సిన పని పడలేదు. కమిటీలో ఆ ఐదుగురు తప్ప, ఎవరి పేరు పక్కనా వ్యతిరేకం అని రికార్డు కాలేదు. ఓడిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఆ అమ్మ ఒళ్లో ఫొటో పెట్టుకుని రోజంతా కూర్చుంది కదా, ఆవిడకు అవునో కాదో ఒక్క జవాబు చెప్పాల్సింది. ఫ్లోరిడాలో పార్క్‌ల్యాండ్ స్కూలు కాల్పుల తర్వాత నెల తిరక్కుండానే 21 ఏళ్ల నిబంధన తెచ్చారు. అక్కడా తుపాకి అంటే ప్రాణమిచ్చేవాళ్లు తక్కువేం కాదు. ఇక్కడ గవర్నర్ అది రాజ్యాంగానికి విరుద్ధమన్నారు, సభలో బలం లేదని స్పీకర్ ముందే అన్నారు. బలం లేకపోతే ఓటింగ్ పెట్టి చూపించొచ్చుగా?

అనుకూలంగా ఓటేసిన హాలండ్ 2024లో సొంత పార్టీ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, రెండో విడత (రనాఫ్) పోటీలో ఓడిపోయారు. దానికి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ ఆ ఎన్నికలకు వెళ్లి ఓటేసేవాళ్లు ఎంత తక్కువో, మన తెలుగువాళ్లలో ఇంకెంత తక్కువో నాకు తెలుసు. నవంబర్‌లో వరసలో నిలబడి ఫొటో దిగుతాం, మార్చిలో జరిగే ప్రైమరీకి గడప దిగం. అవతలివాళ్లు దిగుతారు. 2025 సెషన్‌లో ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 1362 అనే బిల్లు వచ్చింది. ప్రమాదకరంగా మారిన మనిషి దగ్గర నుంచి తుపాకులు తాత్కాలికంగా తీసుకునే రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వులు టెక్సాస్‌లో చెల్లకుండా చేసే బిల్లు. తుపాకి హక్కుల వాళ్లు దాన్ని అడుగడుగునా వెంటాడి, ప్రతి ప్రతినిధికీ ఫోన్లు చేసి పాస్ చేయించుకున్నారు. 2025 సెప్టెంబర్ 1 నుంచి అది చట్టం. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు పౌరులుగా చేయాల్సింది చేశారు. మేమే వెనకబడ్డాం.

ఇన్ని చెప్పి మన దగ్గర సంగతి చెప్పకపోతే తప్పు. 2020 జనవరి 20న మన ఆంధ్ర అసెంబ్లీలో మూడు రాజధానుల బిల్లు పెట్టిన రోజే పాసైపోయింది. ఏ పార్టీ ఉన్నా చాలా బిల్లులకు అదే తీరు. అమరావతి రైతు కమిటీ గదికి వెళ్లి టాబ్లెట్‌లో పేరు నింపి రెండు నిమిషాలు మాట్లాడే వీలు లేదు. ఇక్కడ బిల్లు పోయినా, మాట్లాడినవాళ్ల మాట రికార్డులో ఉంది. నాకు ఇక్కడ నచ్చేది అదే.

మీకు నా మనవి ఒకటుంది. కాల్పులు జరిగినప్పుడు మీరు మొదటి పేజీలో వేస్తారు, చనిపోయినవాళ్లలో మనవాళ్లుంటే ఇంటి దాకా వెళ్లి ఫొటో తెస్తారు. బిల్లు కమిటీలో ఉన్నప్పుడు కూడా నాలుగు లైన్లు వేయండి. టెక్సాస్‌లో మీ పేపర్ చదివేవాళ్లు వేలల్లో ఉన్నారు. బిల్లు నంబరు, హియరింగ్ తేదీ వేస్తే చాలు.

వచ్చే సెషన్ 2027 జనవరి 12న మొదలవుతుంది. దానికి ముందు నవంబర్ నుంచే బిల్లులు పెట్టడం మొదలవుతుంది. మా పక్కింటావిడ రిటైరైంది, ఈసారి మర్నాడు స్కూలుందన్న బాధ లేదు. రాత్రి ఎంతసేపైనా ఉందామని ఇద్దరం అనుకున్నాం. మాట్లాడతారా అని టాబ్లెట్ అడిగే చోట ఈసారి అవునని నొక్కుతాను. రెండు నిమిషాల్లో చదివేలా ఒక కాగితం మీద రాసుకున్నాను. మా నాన్న రసీదు, బియ్యం డబ్బా సంగతితోనే మొదలుపెట్టాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఆలెన్, టెక్సాస్