నేర్పేవాడికి నష్టం రాకుండా చూడు బావా

విజయవాడ, ఆటోనగర్
ఆదివారం రాత్రి

బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నూలు మిల్లులో కొత్తగా చేరిన పదిమంది అమ్మాయిల్లో ఆరుగురు నెల తిరక్కుండానే మానేశారని, మీ ఎండీ గారు హైదరాబాద్ నుంచి ట్రైనర్‌ని పిలిపిద్దామంటున్నారని రాశావు. ఆ డబ్బు ఖర్చుపెట్టే ముందు మా లారీ రిపేరు షెడ్డులో జరిగింది విను. పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్ల పొగకి బిఎస్-6 అనే కాలుష్య నిబంధన వచ్చింది కదా. బిఎస్-4 నుంచి మధ్యలో బిఎస్-5 లేకుండా ఒకేసారి అక్కడికి వెళ్లాం. లారీ సైలెన్సర్ దగ్గర కొత్త సరంజామా అంతా వచ్చి కూర్చుంది. యాడ్‌బ్లూ ట్యాంకు, దాన్ని పొగలోకి చిమ్మే ఇంజెక్టరు, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లని కొలిచే నాక్స్ సెన్సర్లు. యాడ్‌బ్లూ అంటే 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. అందులో ఏ తేడా వచ్చినా ఇసియు, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటరు, పవర్ తగ్గించేస్తుంది. లోడుతో హైవే మీద ఆగిన డ్రైవరు బాధ ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

మేమూ ట్రైనింగ్ పెట్టించాం. హోటల్లో ఏసీ హాలు, రెండు రోజులు, ఇంగ్లీషు స్లైడ్లు, ఆఖర్న సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో. వారం తిరిగాక ఒక టిప్పర్ వస్తే, బండి కంప్యూటర్లోంచి లోపం కోడ్ చదివే స్కానర్ పట్టుకున్న కుర్రాడు నా మొహం చూశాడు. వాడి తప్పేం లేదు. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అర్థంలేని అక్షరాలు తనే బట్టీపట్టి, ఎంతసేపట్లో ఎంత మర్చిపోతున్నాడో లెక్కకట్టి 1885లోనే ప్రచురించాడు. గంట గడిచేసరికి సగానికి పైగా జారిపోయింది. మళ్లీ మళ్లీ చేతిలో పడితేనే ఏదైనా నిలుస్తుంది. మా షెడ్డులో చేతిలో పడేదెప్పుడు? సాయంత్రానికి ఎన్ని బళ్లు గేటు దాటించాడన్న దాని మీదే సూపర్‌వైజర్ ఇన్సెంటివ్. కొత్తవాడికి పని ఇస్తే గంట ఆలస్యం, ఆ గంట ఆయన జేబులోంచి పోతుంది. ఆ ఇన్సెంటివ్ షీటు తయారుచేసింది నేనే బావా. నేర్పడానికి అదే అడ్డని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇంతకంటే పెద్ద సంగతి మా పెద్ద మేస్త్రిది. పదకొండేళ్లప్పుడు ఆటోనగర్‌లో పానాలు అందించడానికి చేరాడు. డీజిల్ పంపు కాలిబ్రేషన్, అంటే ఇంజనుకి ఎంత డీజిల్ వెళ్లాలో సరిచేసే పని, చేసేటప్పుడు ఆయన గురువు గది తలుపు వేసుకునేవాడట. తలుపు సందులోంచి చూసి, చెవితో ఇంజను మోత విని నేర్చుకున్నాడు. తర్వాత పాతికేళ్లు ఆయనా తలుపు వేసుకునే చేశాడు. డీజిల్ చిమ్మడాన్ని కంప్యూటరే చూసుకునే కామన్ రైల్ బళ్లు వచ్చాక ఆ విద్యకి గిరాకీ తగ్గిపోయింది. ఇప్పుడు ఐటీఐ కుర్రాడు స్కానర్ తగిలించి కోడ్ చదివేస్తుంటే ఆయన దూరంగా నిలబడతాడు. నేనేమో చాలాకాలం ఆయనది మొండితనమనుకున్నాను. ఉన్న ఒక్క విద్యా పోయినవాడి భయం అది.

ఒకసారి నాక్స్ సెన్సర్ కోడ్ వచ్చిందని కుర్రాళ్లు సెన్సరే మార్చేశారు. ఖరీదైన సామాను. రెండు రోజులకి అదే బండి అదే కోడ్‌తో తిరిగొచ్చింది. మేస్త్రి వంగి, సైలెన్సర్ పైపు పొడుగునా చూసి, ఒక జాయింట్ దగ్గర మసి చూపించాడు. పొగ అక్కడ లీకవుతోంది. సెన్సరుకి ఏ రోగమూ లేదు. యంత్రం ఎక్కడ నొప్పో చెప్పింది, నొప్పి ఎందుకో ఆయన చెప్పాడు. ఆ రోజే ఓనరు గారి దగ్గర కూర్చుని మూడు సంగతులు ఒప్పించాను. మేస్త్రికి ఇద్దరు కుర్రాళ్లని అప్పగిస్తాం, వాళ్లు ఒంటరిగా పని చేయగలిగిన రోజు ఆయనకి నెల జీతంలో పెంపు. సూపర్‌వైజర్ లెక్కలో తిరిగొచ్చిన బళ్లు కూడా మైనస్ అవుతాయి. పొద్దున్నే షట్టర్లు ఎత్తగానే అరగంట, నిన్నటి తప్పు బండి చుట్టూ నిలబడి తెలుగులో మాట్లాడుకోవడం.

ఓనరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "నేర్పాక పక్క షెడ్డుకి పోతే?" నీ ఎండీ గారూ ఇదే అంటారు. గ్యారీ బెకర్ అనే ఆర్థికవేత్త 1964లో దీన్ని విడమరిచి రాశాడు. ఎక్కడికెళ్లినా పనికొచ్చే విద్యకి యజమాని ఖర్చుపెట్టడానికి వెనకాడతాడు, ఆ సంస్థలోనే పనికొచ్చేదానికైతే పెడతాడు. మా అనుభవంలో మాత్రం పోయినవాళ్లలో ఎక్కువమంది పనొచ్చాక కూడా హెల్పర్ జీతమే ఇచ్చినందుకు పోయారు. నేర్పడం, జీతం వేర్వేరు ఫైళ్లలో పెట్టినంతకాలం ఇంతే. అన్నట్టు, ముప్ఫైమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే సంస్థలు 1961 అప్రెంటిస్ చట్టం కింద తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. దాన్ని చాలామంది కాగితాల మీద నడిపిస్తారు, నాకది బాధ. ఆ పిల్లలకి ఆ ఒక్క ఏడాదే జీవితాంతం తిండిపెట్టేది.

ఇక నీ మిల్లు. నూలు వడికే రింగ్ ఫ్రేమ్ దగ్గర తెగిన నూలు అతకడం కొత్త అమ్మాయికి ఎవరు నేర్పుతున్నారు? సీనియరే కదా. ఆవిడకి ప్రొడక్షన్ ఇన్సెంటివ్ ఉందా? ఉంటే, పక్కన కొత్తపిల్లని నిలబెట్టుకున్న రోజుల్లో ఆవిడకెంత తగ్గుతోందో జీతాల షీటు తీసి చూడు. తగ్గితే నేర్పే మూడు వారాలు పాత సరాసరి ప్రకారం ఇప్పించు. మానేసిన ఆరుగురిలో కనీసం ఇద్దరి ఇళ్లకి నువ్వే వెళ్లు, మీ ఆవిడని కూడా తీసుకెళ్లు. ఆడపిల్లలు నీకు చెప్పనిది ఆవిడకి చెబుతారు. నైట్ షిఫ్ట్ బస్సు ఊరి బయటే ఆపేస్తోందేమో, ఎవరు చూడొచ్చారు?

బుధవారం నాకు సెలవు. షిఫ్ట్ మారే టైముకి గుంటూరులో దిగుతాను. జీతాల షీటు, ఆ ఆరుగురి ఊళ్ల పేర్లు బయటికి తీసి పెట్టు. మా మేస్త్రి కూడా వస్తానంటున్నాడు, మిల్లులో పని ఎలా నేర్పుతారో చూడాలట.

ఉంటాను,
నీ బావ