జడ్జి తప్పుకోవాల్సింది ఎప్పుడు?

అయ్యా,

బెయిలు రాకపోతే చాలు, ‘ఈ జడ్జి మాకొద్దు’ అనడం బెంగళూరులోని మన తెలుగు కక్షిదారుల్లోనూ మామూలైపోయింది. బెయిలు నిరాకరణ పక్షపాతం కాదు, దానికి పైకోర్టు ఉంది. కేసులో సొంత ప్రయోజనం ఉన్న జడ్జి, అప్పీలు కోర్టు అనుమతి లేకుండా దాన్ని విచారించకూడదని క్రిమినల్ విచారణ పద్ధతిని నిర్దేశించే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 525వ సెక్షన్ (పాత చట్టం సీఆర్‌పీసీలో 479) చెబుతోంది. నేరస్థలం చూసొచ్చినంత మాత్రాన మాత్రం అనర్హుడు కాడు.

పక్షపాతాన్ని రుజువు చేయనక్కర్లేదు. కక్షిదారు మనసులోని భయం సహేతుకమా అన్నదే కొలమానమని 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫిర్యాదుదారు జడ్జిగారి బావమరిది అయితే ఆ భయం సహేతుకమే. ‘మొన్న వాయిదాలో కసురుకున్నారు’ అంటే నిలవదు.

జడ్జి తనంతట తాను తప్పుకోకపోతే, అదే సెషన్స్ డివిజన్‌లో (సాధారణంగా ఒక జిల్లా) వేరే కోర్టు కోసం ముందు సెషన్స్ జడ్జినే అడగాలి. అక్కడ కొట్టేశాకే హైకోర్టు. అఫిడవిట్‌లో ఏ తేదీన ఏ మాట అన్నారో, ఎవరు విన్నారో రాయాలి. ‘న్యాయం జరగదనిపిస్తోంది’ అన్న ఒక్క వాక్యంతో పని కాదు. పిటిషన్ వేసేది నిందితుడైతే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు (ప్రభుత్వ న్యాయవాదికి) కారణాల నకలుతో నోటీసివ్వాలి, ఆపై ఆ పిటిషన్‌పై వాదనలు వినేలోపు కనీసం 24 గంటలు గడవాలి. పిటిషన్ వేయగానే అసలు కేసు విచారణ ఆగదు. విచారణ ఆపమని స్టే వచ్చినా, నిందితుణ్ని రిమాండ్‌లో (కస్టడీలో) ఉంచే కింది కోర్టు అధికారం పోదు. జైల్లో ఉన్నవాళ్ల ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి.

- ఒక క్రిమినల్ న్యాయవాది, మారతహళ్లి, బెంగళూరు