కొత్త అల్లాయ్స్‌కి గాలి ఎంత?

బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కొత్త అల్లాయ్ చక్రాలు బాగున్నాయి. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, కింద రాసేదంతా గాలి గోలే కాబట్టి. షాపతను నాలుగింటికీ 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పట్టి ‘మెత్తగా పోతుంది మేడమ్’ అన్నాడని రాశావు. మెత్తగా పోయే మాట నిజమే. కానీ ఆ టైరుకి 30 చాలదు.

డ్రైవర్ వైపు తలుపు తీస్తే పక్క పిల్లర్ మీద స్టిక్కరు ఉంటుంది. నీ కారుకి మామూలు బరువుతో 33, నిండా జనం, సామాను ఉంటే వెనక 35 అని ఉంది కదా. అది కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్15 టైరుకి చెప్పిన లెక్క, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. నువ్వు వేయించింది 205/45 ఆర్17. మొత్తం ఎత్తులో తేడా 5 మిల్లీమీటర్లే, స్పీడోమీటర్‌కి ఏమీ కాదు. తేడా అంతా రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉండే రబ్బరులోనే. పాత టైరుకి అది 120 మిల్లీమీటర్లు, దీనికి 92. దెబ్బ కాచుకునే జాగా ఒక అంగుళం పైనే పోయింది.

టైరు పక్కన 51 పీఎస్ఐ అని రాసి ఉంటుంది, చూసి కంగారు పడకు. అది ఆ టైరు దాటకూడని గీత, పట్టమని చెప్పిన అంకె కాదు.

నువ్వు చూడాల్సింది సైజు పక్కనే ఉన్న 88డబ్ల్యూ, ఎక్స్‌ఎల్ అన్న అక్షరాలు. డబ్ల్యూ వేగానికి సంబంధించిన అక్షరం, దాన్ని వదిలెయ్. 88 అనేది లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని. పాత టైరు మీదా 88 అనే ఉంది. ‘అదే నంబరు కదా, అదే 33 పట్టిస్తే సరి’ అనుకునే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మామూలు టైరు ఆ 560 కిలోలూ 36 పీఎస్ఐ దగ్గర మోస్తుంది. ఎక్స్‌ఎల్ అంటే ఎక్స్‌ట్రా లోడ్. పేరు చూస్తే తక్కువ గాలితోనే బరువు లాగేస్తుందనిపిస్తుంది గానీ, అది అదే 560కి రావాలంటే 42 కావాలి. బరువు మోసేది ముఖ్యంగా లోపలి గాలే, అందుకని.

లెక్క వేస్తే పాత టైరు 33 దగ్గర సుమారు 520 కిలోలు మోస్తుంది. కొత్తది అదే 33 దగ్గర 460. షాపతను పట్టిన 30 దగ్గరైతే 430కి పడిపోతుంది. నువ్వొక్కదానివే ఆఫీసుకి వెళ్తే చక్రం మీద అంత బరువు పడదు, నిజమే. కానీ కంపెనీ వాళ్లు గుంతలకీ, హైవే వేడికీ కలిపి కొంత మిగులు ఉంచుతారు. ఆ మిగులు మనం కోసేసుకోకూడదు.

ఇండెక్స్ రెండింటికీ ఒకటే కాబట్టి నీ లెక్క తేలిక. స్టిక్కరు అంకెని 42తో గుణించి 36తో భాగించు. 33కి 38.5 వస్తుంది, 39 పట్టించు. నలుగురూ సామానుతో విజయవాడ బయల్దేరితే వెనక 35కి బదులు 41. వేరే సైజు వేసుకునే నీ స్నేహితులకి ఇంకో లెక్క చెప్పు: ఎక్స్‌ఎల్ కాని టైరుకి ఇండెక్స్ ఒక్క అంకె తగ్గితే సుమారు 1 పీఎస్ఐ పెంచాలి. 195/55 ఆర్16 87 వేసుకుని ఉంటే 34 సరిపోయేది, నీ నడుమూ సుఖంగా ఉండేది. ఇదే 205/45 ఆర్17లో ఎక్స్‌ఎల్ కాని 84 ఇండెక్స్ టైరు దొరికినా కొనొద్దను. దాని పూర్తి సామర్థ్యమే 500 కిలోలు, ఎంత గాలి కొట్టినా పాతదాని స్థాయికి రాదు.

39 అంటే గట్టిగానే ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే సీటులో తెలుస్తుంది. మరీ ఇబ్బందైతే 38కి దిగు, అంతకన్నా కిందికి వద్దు. తక్కువ గాలితో గుంతలో పడితే టైరు పక్క గోడ అయిన సైడ్‌వాల్ రిమ్ము అంచుకీ రోడ్డుకీ మధ్య నలుగుతుంది. లోపలి దారాలు తెగుతాయి, మర్నాటికి పక్కన కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తుంది. దానికి ప్యాచ్ లేదు, టైరు మార్చాల్సిందే. రిమ్ము అంచు కూడా వంగుతుంది. అలాగని 45 పట్టిస్తే టైరు మధ్యలో అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

గాలి కొలవాల్సింది పొద్దున్నే, కారు కదపకముందు. కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. సొంతంగా ఒక డిజిటల్ గేజ్ కొనుక్కో, బంకు మిషన్లు ఒక్కోటి ఒక్కో అంకె చూపిస్తాయి. ఇంట్లో 36 చూపించిందనుకో, అంటే 3 తక్కువ. బంకుకి వెళ్లేసరికి వేడెక్కి అదే టైరు 38 చూపిస్తుంది. అప్పుడు 39 పట్టించుకుని వచ్చేయకు, 38కి ఆ 3 కలిపి 41 పట్టించు. చల్లారాక 39కి వస్తుంది. హైవేలో దిగి చూస్తే 43 ఉందని గాలి తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకు. నడిచాక 3 నుంచి 5 దాకా పెరగడం మామూలే. 6 దాటి పెరుగుతోందంటే చల్లగా ఉన్నప్పుడే గాలి తక్కువైందని అర్థం.

బయటి ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారితే 1 పీఎస్ఐ మారుతుంది. ఏప్రిల్లో పొద్దున 28 డిగ్రీలప్పుడు సరిచూసింది, జనవరి పొద్దున 15 డిగ్రీలకి రెండున్నర తగ్గి కనిపిస్తుంది, లీకు ఏమీ లేకుండానే. నైట్రోజన్ పట్టిస్తామంటారు, పట్టించుకుంటే పట్టించుకో. మామూలు గాలిలోనూ 78 శాతం అదే. నైట్రోజన్ అయినా నెలకి రెండుసార్లు గేజ్ పెట్టాల్సిందే.

డ్యాష్‌బోర్డులో టైరు దీపం ఉంది కదా అని ఊరుకోకు. చక్రంలో సెన్సర్లుంటే అది కంపెనీ అంకె 33 మీద లెక్క. 25, 26 దాకా పడితే గానీ వెలగదు, అప్పటికి నీ టైరు 13 పోగొట్టుకుని ఉంటుంది. పాత రిమ్ముల్లోంచి సెన్సర్లు తీసి కొత్తవాటిలో వేశాడో లేదో కూడా అడుగు.

ఒక్క చక్రమే మాటిమాటికీ తగ్గుతుంటే సబ్బు నీళ్లు పోసి చూడు. ముందు వాల్వ్ మొదలు, తర్వాత వాల్వ్ నోరు, ఆపైన రిమ్ముకీ టైరుకీ మధ్య అంచు చుట్టూ. కొత్త అల్లాయ్స్‌కి పాత రబ్బరు వాల్వ్‌లే బిగించే షాపులున్నాయి, పైన పటారం లోన లొటారం. వాల్వ్‌లు కొత్తవేనా అని అడగడానికి మొహమాటపడకు. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించమను. ఎంత బిగించాలో ఆ అంకె కారు మాన్యువల్లో ఉంటుంది.

స్టెప్నీ పాత సైజే కాబట్టి దానికి పాత లెక్కే, 35 పట్టించి పెట్టు, వాడకుండా ఉంటే కాస్త తగ్గుతూ ఉంటుంది. అల్లాయ్స్ నట్లు ఆ ఇనుప రిమ్ముకి సరిగ్గా కూర్చుంటాయో లేదో ఒకసారి బిగించి చూపించమను. కూర్చోకపోతే పాత నట్లు డిక్కీలో ఉంచుకో.

రేపు పొద్దున కారు తీసే ముందు నాలుగు చక్రాల అంకెలూ కొలిచి ఏది ఎంతో రాసి పంపు. స్టెప్నీది కూడా.

నాన్న